పెరటిలో రంగుల ఆకులు

గత కార్తికమాసములో ఒకనాడు తరగతి ముగిసిన పిదప విద్యార్థిని ఒకతె తన ఫోనులోని ఛాయాచిత్రమును నాకు చూపినది. న్యూజెర్సీలో కాపురమున్న ఆమె అక్క పంపిన చిత్రమది. ఇంటిముందు చెట్టొకటి, కళ్ళములో పండుమిరపకాయలు ఆరబోసినట్లు కొమ్మకొమ్మకును ఎఱుపే. "మాస్టారూ, మేము కొత్తగా ఇల్లు కట్టుకుంటున్నామండీ. మా పెరట్లో కూడా ఇలాంటి చెట్టు కావాలంటే ఏది వేయాలి? నాన్నగారు మేపుల్ మొక్క తెప్పిస్తానంటున్నారు" అని అడిగినది.

"అది చలిదేశపు చెట్టమ్మా. మన ఊళ్ళో ఆకులు అలా ఎఱ్ఱబడవు" అని చెప్పి పంపివేసితిని.

మేపుల్ విషయములో నేను చెప్పినది నిజమే. రెండవ వాక్యము తప్పు. మాఘమాసములో ఒక ఉదయము కళాశాల ఆవరణలో సైకిలు నిలుపుచుండగా కాలిక్రింద ఆకొకటి పెళపెళలాడినది. వంగి తీసి చూచితిని. జానెడు పొడవు, ముదురు ఎఱుపు, ఈనెల వెంబడి కొంచెము పసుపు. తలయెత్తి చూడగా నాటుబాదం చెట్టు. దాని ఆకులలో సగము అదే రంగున నున్నవి. ఎనిమిదేండ్లుగా ఆ చెట్టునీడనే సైకిలు నిలుపుచు, వృక్షశాస్త్రము బోధించుచు, మన ఊరిలో ఆకులు ఎఱ్ఱబడవని చెప్పితిని! మరునాడు తరగతిలో తప్పు ఒప్పుకొంటిని. అప్పుడు విద్యార్థులు అడిగిన ప్రశ్నలే ఈ వ్యాసమునకు మూలము. ఆకు రంగేల మారును? కొన్ని చెట్లే ఏల మారును? పెరటిలో ఒక్క చెట్టుకే చోటున్నవారు దేనిని ఎన్నుకొనవలెను?

చివరి ప్రశ్నయే నిజమునకు కష్టమైనది. పూలమొక్క నచ్చకున్న మరుసటి ఏడు పీకివేయవచ్చును. చెట్టు అట్లు కాదు. ఎంపికలో జరిగిన తప్పు తెలియుటకే అయిదారేండ్లు పట్టును. అప్పటికి వేళ్ళు గోడక్రిందికి పోయియుండును.

పచ్చదనము చాటున

ఆకు పచ్చగా నుండుటకు పత్రహరితము కారణమని ఎనిమిదవ తరగతి పిల్లవాడును చెప్పగలడు. అయితే పత్రహరితము ఒకమారు తయారై శాశ్వతముగా నిలిచియుండు సరకు కాదు. ఎండకు అది విరిగిపోవుచునే యుండును. ఆకు దానిని మరల మరల తయారు చేసికొనుచునే యుండును. దీపములో చమురు తరగుచున్నకొలది పోయుచుండుట వంటిదిది. ఆకునకు కాలము తీరినపుడు చెట్టు ఈ పోయుట మానివేయును. అంతేకాదు, మిగిలియున్న పత్రహరితమును తానే విడగొట్టును.

ఇట్లు చేయుటకు కారణము పొదుపు. ఆకులో, ముఖ్యముగా కిరణజన్యసంయోగక్రియ జరుపు మాంసకృత్తులలో, నత్రజని విస్తారముగా నున్నది. నేలనుండి నత్రజనిని సంపాదించుట చెట్టుకు సులభము కాదు. కనుక ఆకును పారవేయుటకు ముందు అందులోని నత్రజనిలో సుమారు సగమును, భాస్వరములో కొంత భాగమును కొమ్మలలోనికి, బెరడులోనికి లాగుకొనును. పాత ఇంటిని విప్పువారు ముందుగా దూలములను, తలుపులను తీసి భద్రపరచుకొన్నట్లు. మనము రంగులని మురిసిపోవునది ఈ విప్పుడు జరుగుచున్న నాలుగు రోజుల దృశ్యమే.

పచ్చదనము తగ్గగానే బయటపడు రంగు పసుపు. ఇది కొత్తగా వచ్చినది కాదు. కెరోటినాయిడులు అను పసుపు, నారింజ రంగుల పదార్థములు ఆకులో మొదటినుండియు ఉన్నవే. క్యారెట్టుకు రంగునిచ్చునవి ఈ కుటుంబమునకు చెందినవే. పత్రహరితము దట్టముగా నున్నంతకాలము అవి మన కంటికి ఆనవు. వాటిని ఆకులో విడివిడిగా చూపిన ఘనత మిహాయిల్ త్స్వెత్ అను రష్యన్ వృక్షశాస్త్రజ్ఞునిది. ఆయన వార్సాలో పనిచేయుచు, సుద్దపొడి నింపిన గాజుగొట్టము గుండా ఆకురసమును దింపి, అది పచ్చ, పసుపు పట్టీలుగా విడిపోవుటను చూపెను. 1906లో ఆ పద్ధతికి క్రొమాటోగ్రఫీ, అనగా రంగుల వ్రాత, అని పేరు పెట్టెను. రష్యన్ భాషలో త్స్వెత్ అను మాటకు రంగు అనియే అర్థము! నేడు మందుల కర్మాగారములలో, ఆహార పరీక్షాలయములలో నిత్యము వాడు పద్ధతి ఆకు రంగులను వేరు చేయుటతో పుట్టినదని విద్యార్థులకు తప్పక చెప్పవలెను.

ఎఱుపు కథ వేరు. ఎఱుపునిచ్చు ఆంథోసయనిన్‌లు వేసవి అంతయు ఆకులో దాగియుండవు. రాలుటకు సిద్ధమగుచున్న ఆకు తనలోని చక్కెరల నుండి వాటిని అప్పటికప్పుడు తయారుచేయును. నాలుగు రోజులలో నేలరాలు ఆకు ఇంత ఖర్చు ఏల పెట్టుకొనును? ఇది శాస్త్రజ్ఞులను చాలకాలము వేధించిన ప్రశ్న. నేటికిని పూర్తిగా తేలలేదు. ఒక సమాధానమేమనగా, ఎఱుపు ఎండకు గొడుగు. పత్రహరితమును విడగొట్టుచున్నపుడు ఆకు సగము విప్పిన యంత్రము వంటిది. ఎండ మాత్రము మునుపటివలెనే పడుచుండును. వాడుకొనుటకు వీలులేని ఆ వెలుగు కణములను పాడుచేయును. నత్రజనిని తరలించు పని ముగియువరకు ఎఱుపు వాటిని కాపాడును. ఎఱుపును తయారుచేయలేని మొక్కలను, మామూలు మొక్కలను ప్రక్కప్రక్కన పెంచి చేసిన ప్రయోగములు 2003లో ప్రకటితమైనవి. మంచి ఎండలో ఎఱుపులేని మొక్కలు నత్రజనిని తక్కువగా రాబట్టుకొనగలిగినవి. మరొక సమాధానమును విలియం హామిల్టన్, శామ్యూల్ బ్రౌన్ అను శాస్త్రజ్ఞులు 2001లో ప్రచురితమైన వ్యాసములో ప్రతిపాదించిరి: గుడ్లు పెట్టుటకు చెట్టు వెదకుచు వచ్చు పేనుబంక పురుగులకు, "నేను బలముగా నున్నాను, నాజోలికి రాకుము" అని చెట్టు చేయు హెచ్చరిక ఈ రంగు అని. రెండవది విన సొంపుగా నున్నది గాని, ప్రయోగముల బలము మొదటిదానికే ఎక్కువ యని నాకు తోచును.

ఎఱుపు తయారగుటకు చక్కెర కావలెను, ఎండ కావలెను. పగలు నిర్మలమైన ఎండ, రాత్రి గడ్డకట్టనంతటి చలి వరుసగా వచ్చిన ఏడు అమెరికా ఈశాన్య రాష్ట్రములలో అడవులు జ్వలించును. మబ్బుపట్టిన ఏడు వెలవెలబోవును. ఒకే చెట్టులో ఎండ తగులు వైపు ఎఱ్ఱగాను, నీడవైపు పసుపుగాను ఉండుట సామాన్యము. తోట వేయువారికి ఈ ఒక్క సంగతి చాల ముఖ్యము: ఎఱుపు కోరి చెట్టును నీడలో నాటిన ఆశాభంగము తప్పదు.

శరత్తు కాదు, శిశిరము

ఇంతకు చెట్టుకు ఆకు రాల్చవలెనని ఎట్లు తెలియును? న్యూజెర్సీలో జూన్ చివర పగలు 15 గంటలుండును. డిసెంబరులో 9 గంటలకు కొంచెము పైన. పగలు కురచగుటయే అచటి చెట్లకు పెద్ద సూచన. చలి దానికి తోడు. వీథిదీపము ప్రక్కన నున్న కొమ్మలు మిగిలిన వాటికన్న ఆలస్యముగా ఆకు రాల్చుట అచట చూడవచ్చును. విజయవాడలో ఎక్కువ పగలు సుమారు 13 గంటలు, తక్కువ పగలు 11 గంటలకు పైన. తేడా రెండు గంటలే. మన చెట్లలో చాలవాటిని ఆకు రాల్చునట్లు చేయునది పగటి కురచదనము కన్న దాహము. వానలు వెనుదీసిన పిదప నేలలోని తడి నెలనెలకు తగ్గును, గాలి పొడిబారును. ఆకులనుండి నీరు ఆవిరియై పోవుచుండగా క్రిందనుండి అందదు. అప్పుడు ఆకు చెట్టునకు భారమగును.

ఇందువలననే మాటలతో ఒక చిక్కు వచ్చినది. ఇంగ్లీషువారు ఆటమ్ అను ఋతువును మనము శరత్తని అనువదించుచున్నాము. నెలలు సరిపోవును, న్యూజెర్సీలో చెట్లు ఎఱ్ఱబడు అక్టోబరు, నవంబరులు మన ఆశ్వయుజ కార్తికములే. కాని మన శరత్తులో వానలు తాగిన చెట్లు నిండు పచ్చగా నుండును. ఆకురాలు కాలము మనకు శిశిరము, మాఘ ఫాల్గుణములు. కార్తికములో ఆ పిల్లకు నేను తప్పు చెప్పుటకు ఇదియు ఒక కారణము కాబోలు. అప్పుడు కిటికీలోనుండి చూచిన ఎఱ్ఱని ఆకు ఒక్కటియు కనబడలేదు!

కారణము ఏదైనను రాలు విధానము మాత్రము ఒకటే. ఆకుతొడిమ మొదట సన్నని కణముల పొర యొకటి ఏర్పడును. ఆకు ఆరోగ్యముగా నున్నపుడు దానినుండి క్రిందికి ప్రవహించు ఆక్సిన్ అను హార్మోను ఆ పొరను బిగువుగా నుంచును. ఆక్సిన్ తగ్గి, ఎథిలీను ప్రాబల్యము హెచ్చినపుడు ఆ కణముల నడుమనున్న అతుకు కరగును. కొమ్మవైపున బెండు పొర గాయమును ముందే మూసియుంచును. అందువలన ఆకు రాలిన చోట చెట్టుకు పుండు మిగలదు, మచ్చ మిగులును.

న్యూజెర్సీలో నాటువారికి

ఈ పత్రికను చదువు ఉపాధ్యాయుల బిడ్డలు అనేకులు అమెరికాలో ఇండ్లు కొనుక్కొని యున్నారు గనుక అచటి సంగతి ఒకింత చెప్పుట అప్రస్తుతము కాదు. నిండు ఎఱుపునకు ఎఱ్ఱ మేపుల్ ప్రసిద్ధము. కాని విత్తనమునుండి మొలచిన ఎఱ్ఱ మేపుల్‌లు అన్నియు ఎఱ్ఱబడవు; ఒకటి ఎఱుపు, ఒకటి పసుపు, మరొకటి ఎటుగాని రంగు. మన మామిడిలో టెంక మొక్కకును అంటుమొక్కకును గల భేదమే ఇది. అందుచేత రంగు రుజువైన పేరుగల రకమునే కొనవలెను. న్యూజెర్సీ నర్సరీ ఒకటి 1961లో వెలువరించిన అక్టోబర్ గ్లోరీ అట్టిది. మొక్కను అక్టోబరులో నర్సరీకి పోయి, దాని ఆకు రంగును కంటితో చూచి కొనుట ఇంకను మేలు. గింకో చెట్టు బంగారు పసుపు, అయితే మగచెట్టునే ఎన్నుకొనవలెను. ఆడచెట్టు గింజల కంపు ఇల్లు విడిపించును.

పొదలలో బర్నింగ్ బుష్ అనునది కన్ను చెదరగొట్టు ఎఱుపు. దానిని మాత్రము నాటవద్దని నా సలహా. ఆసియా నుండి తెచ్చిన ఆ పొద పక్షులద్వారా అడవులలోనికి ప్రాకి స్థానిక మొక్కలను అణచివేయుచున్నది. మసాచుసెట్స్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రములలో దాని అమ్మకము నిషిద్ధము. దానికి బదులు బ్లూబెర్రీ పొద వేసికొన్న పండ్లు తినవచ్చును, ఆకులును ఎఱ్ఱబడును. పైగా అది ఆ నేల బిడ్డ: ఎలిజబెత్ వైట్, ఫ్రెడరిక్ కోవిల్ అనువారు న్యూజెర్సీలోని వైట్స్‌బాగ్‌లో దానిని తోటపంటగా మలచి, 1916లో మొదటి పంటను అమ్మిరి. దానికి పుల్లనేల, అనగా ఆమ్లగుణము గల నేల, కావలెను.

ఇక మేపుల్‌ను మన మైదానములలో నాటుట డబ్బు దండుగ. ఆ ఉత్తరదేశపు చెట్ల మొగ్గలు కొన్ని వారములు గట్టి చలిని అనుభవించిన గాని వసంతమున సరిగా విచ్చుకొనవు. చాల రకముల విత్తనములకును అంతే, తడిచలిలో నిదురించిన పిదపగాని మొలవవు. మే నెల ఎండ సంగతి వేరుగా చెప్పనక్కర లేదు. నీలి రంగు, ఊదా రంగు మేపుల్ విత్తనములని బొమ్మలు వేసి అంగట అమ్మువారు కలరు. నీలి ఆకుల మేపుల్ ఈ భూమిమీద లేదు.

మన పెరటికి

మన పెరటిలో ఆకు రంగు కోరువారికి మొట్టమొదట చెప్పదగినది నాటుబాదమే. దీని గింజను తినవచ్చును గాని బజారులో కొను బాదంపప్పు చెట్టు ఇది కాదు, వేరు కుటుంబము. సముద్రతీరపు చెట్టు కనుక ఉప్పుగాలికి, ఇసుక నేలకు వెరవదు. కొమ్మలు అంతస్తులుగా, గొడుగుమీద గొడుగు పెట్టినట్లు పెరుగును. శిశిరములో ఎఱ్ఱబడి రాలి, కొలది రోజులకే లేతపచ్చని చిగురు వేయును. చాలచోట్ల వానకాలపు నడుమ మరియొకమారు రాల్చును. లోపములు లేకపోలేదు. విశాలముగా ప్రాకును. పెద్ద ఆకులు డాబామీది నీటిగొట్టములకు అడ్డుపడును. పండ్లకై వచ్చు గబ్బిలములు రాత్రి గోల చేయును. గోడకు 6 మీటర్లైనను ఎడములేనివారు దీని జోలికి పోరాదు. మా కళాశాల ఆవరణకు ఇది తగును. అయిదు సెంట్ల ఇంటికి తగదు.

చిన్న పెరటికి నేను వరగోగును ఎన్నుకొందును. దీని శాస్త్రీయనామము లాజర్‌స్ట్రోమియా స్పెసియోసా. ఎండకాలములో ఊదారంగు పూలగుత్తులు, చలికాలము చివర రాగి రంగునకు, కొన్ని ఆకులు ముదురు ఎఱుపునకు తిరుగును. బాదమంతటి మంట కాదు. అయినను ఏటికి రెండు పండుగలు. దీని చిన్న చెల్లెలు క్రేప్ మిర్టిల్. నిలువెత్తు పొదగా పెరుగును, కత్తిరింపునకు ఓర్చును. అరకు వంటి ఎత్తైన చోట్ల, రాత్రులు చల్లగానుండుటవలన, ఇట్టి చెట్లు మైదానముకన్న బాగుగా రంగెక్కునని ఆశింపవచ్చును.

కుండీకి మాత్రమే చోటున్నవారికి పాయిన్‌సెట్టియా. మెక్సికో దేశపు ఈ పొదను అచట అమెరికా ప్రతినిధిగా నున్న జోయెల్ పాయిన్‌సెట్ 1828లో స్వదేశమునకు పంపెను, పేరు ఆయనదే. ఎఱ్ఱనివి పూరేకులు కావు, పూలచుట్టు నుండు ఆకులు. రాత్రి పొడవును కొలిచి రంగెక్కు మొక్క ఇది. రాత్రులు 12 గంటలకు మించి దీర్ఘమగుచున్నపుడు, అదియు ఎడతెగని చీకటి యైనప్పుడే, డిసెంబరు నాటికి ఎఱ్ఱబడును. వరండా దీపము క్రింద రాత్రంతయు ఉంచినచో పచ్చగానే యుండిపోవును. "మా మొక్క ఎఱ్ఱబడలేదండీ" అని వాపోవువారి ఇంట ముందుగా దీపమెక్కడ నున్నదో చూడవలెను. ఉపాధ్యాయులు రెండు కుండీలతో అక్టోబరులో ఈ ప్రయోగము మొదలుపెట్టిన సంక్రాంతి సెలవులకు ముందే ఫలితము చూపవచ్చును. కొమ్మ విరచిన వచ్చు పాలు చర్మమునకు మంట పుట్టింపవచ్చును; పిల్లలను హెచ్చరింపవలెను.

క్రోటన్ల మాట ఎత్తలేదేమని అడుగుదురేమో. వాటి రంగు ఏడాది పొడవునా ఉండునదే. ఋతువుతో దానికి పనిలేదు.

మనము నిత్యము చూచుచు గుర్తింపని ఎఱుపు మరియొకటి కలదు. అది చావబోవు ఆకుది కాదు, పుట్టిన ఆకుది. మామిడి చిగురు రాగి రంగు. రావి చిగురు గులాబి రాగి రంగు. వీథులలో నిలువుగా పెరుగు నరమామిడిదియు రాగి రంగే. నిజమైన అశోకము లేత ఆకులు కుచ్చులవలె వ్రేలాడుచు, ఎఱుపు తిరిగిన రాగి రంగున నుండును. నాగకేసరపు చిగురు కెంపు. ఉష్ణదేశములలో ఇట్టి చెట్లు అనేకము. లేత ఆకులో పత్రహరితము ఇంకను నిండలేదు, యంత్రము ఇంకను బిగింపలేదు; ఎండ మాత్రము పడుచున్నది. పురుగులకు మెత్తని లేత ఆకే ఎక్కువ ఇష్టము. ఆకు జీవితపు రెండు కొసలయందును, యంత్రము సగము బిగించియున్నపుడును, సగము విప్పియున్నపుడును, చెట్టు అదే ఎఱుపును ఆశ్రయించుచున్నది. చలిదేశములలో రాలు ఆకు ఎఱుపునకును చిగురునకును నడుమ మంచు కప్పిన నెలలు అడ్డము. మనకు బాదం ఎఱ్ఱబడి రాలుచుండగనే మామిడి, రావి ఎఱ్ఱగా చిగుర్చుచుండును. రావిని మాత్రము పెరటిలో నాటరాదు. దాని వేళ్ళు గోడలను చీల్చును.

పాఠశాలలో చేయదగిన చిన్న పరీక్ష చెప్పి విరమింతును. పచ్చని ఆకును ముక్కలు చేసి, కొంచెము సర్జికల్ స్పిరిట్‌తో నూరి, వడగట్టిన రసములో ఫిల్టరు కాగితపు పట్టీ కొసను ముంచి నిలుపవలెను. స్పిరిట్ మండును గనుక దగ్గర మంట ఉండరాదు. అరగంటలో పచ్చ వేరుగా, పసుపు వేరుగా ప్రాకును. త్స్వెత్ చూచినది ఇదే. ఎఱుపునకు స్పిరిట్ అక్కరలేదు, వేడినీరు చాలును. పాయిన్‌సెట్టియా ఎఱ్ఱ ఆకును గాని మందారరేకును గాని నీటిలో నానబెట్టి, ఆ నీటికి నిమ్మరసము చేర్చిన ఎఱుపు తేటపడును. సున్నపుతేట చేర్చిన రంగు పూర్తిగా మారును. ఎఱ్ఱ తోటకూరతో ఇది జరుగదు, దాని ఎఱుపు బీటాలైన్ అను వేరొక పదార్థము. కాగితంపూల రంగును అదే. బాదం ఆకును నానబెట్టిన నీరు టీ రంగున వచ్చును, అందులో టానిన్లు మెండు. గాజుతొట్లలో రంగుచేపలను పెంచువారు ఎండిన బాదం ఆకును నీటిలో వేయుదురు.

ఆ విద్యార్థిని ఇంటిస్థలమును మొన్న పోయి చూచితిని. వెనుక గోడకును ఇంటికిని నడుమ 4 మీటర్లు. తూర్పు ఎండ మధ్యాహ్నము వరకు తగులును. బాదం వద్దని, వరగోగు వేయుమని చెప్పితిని. తండ్రిగారు మేపుల్ ఆశ ఇంకను పూర్తిగా వదలలేదు గాని, తొలకరి వానలకు గొయ్యి తీయించుటకు ఒప్పుకొన్నారు.